మూడున్నర నిమిషాల మూగ రీలు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకులు గారు కోరినప్పుడు కొంత సందేహించాను. రాజుల గురించీ, కోటల గురించీ వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు వ్రాసి 2008లో రిటైరైన గుమాస్తాను నేనేం వ్రాయగలను? అయితే కొద్ది నెలల క్రితం నాకు ఎదురైన ఒక సంగతి వలన ఒక చిన్న చరిత్ర మీద ఆసక్తి కలిగి, దొరికినంతవరకు చదివాను. అది ఇళ్ళల్లో తీసుకున్న సినిమాల చరిత్ర. హాలుకు వెళ్ళి టిక్కెట్టు కొని చూసే సినిమాలు కావు. పిల్లల పుట్టినరోజులు, పండుగలు, ప్రయాణాలు ఇంటివాళ్ళే కెమెరాతో తీసి, ఇంటి గోడ మీద దుప్పటి కట్టి చూసుకున్న సినిమాలు.

నేను పుట్టింది 1950లో. మా నాన్నగారు నాగార్జునసాగర్ ప్రాజెక్టులో వర్క్‌చార్జ్‌డ్ ఎస్టాబ్లిష్‌మెంటు కింద చైన్‌మన్. సర్వే వారి వెంట గొలుసు పట్టుకుని రాళ్ళల్లో తిరిగే ఉద్యోగం. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన తరువాత కొద్ది నెలలకే మేము మాచర్ల దగ్గర మా ఊరు విడిచి కుడిగట్టు కాలనీకి, అంటే విజయపురి సౌత్‌కు, వచ్చేశాము. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. నాన్నగారి పైనున్న ఇంజనీరు గారు అమెరికాలో శిక్షణ పొంది వస్తూ చేతిలో ఇమిడే సినిమా కెమెరా ఒకటి తెచ్చుకున్నారు. దానితో 1959లో తమ అబ్బాయి అయిదో పుట్టినరోజును తీశారు. ఆ అబ్బాయికి ఇప్పుడు డెబ్బై దాటాయి, అమెరికాలో స్థిరపడ్డారు. తండ్రిగారి పెట్టెలోని రీళ్ళను అక్కడ కంప్యూటరులోకి ఎక్కించి, సాగర్‌లో చదువుకున్న పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "వీళ్ళలో ఎవరైనా ఎవరికైనా గుర్తున్నారా?" అని అడిగారు. నా చిన్ననాటి మిత్రుడొకడు దానిని నాకు పంపాడు. మూడున్నర నిమిషాలు. శబ్దం లేదు. అందులో నేనున్నాను.

దాని సంగతికి మళ్ళీ వస్తాను. ముందు ఈ ఇంటి సినిమాల పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పనివ్వండి.

సినిమా పుట్టిన ఏడాదే ఇంటి సినిమా కూడా పుట్టింది. ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో డబ్బు తీసుకుని జనానికి చూపించిన పది చిన్న చిత్రాలలో ఒకటి, మన మాటల్లో చెప్పాలంటే, 'పాపాయి భోజనం'. ఒక నిమిషం కూడా ఉండదు. అన్నగారైన అగస్ట్ లూమియేర్, ఆయన భార్య, మధ్యలో వాళ్ళ పాప ఆంద్రే. తండ్రి చెంచాతో తినిపిస్తుంటాడు, తల్లి కాఫీ పోసుకుంటుంది. తీసింది తమ్ముడు లూయీ, అంటే బాబాయి తీసిన సినిమా అన్నమాట. ఆనాటి ప్రేక్షకులు కొందరు పాపను కన్నా, వెనకాల గాలికి కదులుతున్న చెట్ల ఆకులను చూసి ఎక్కువ ఆశ్చర్యపోయారని చెబుతారు. తీసినవాడు చూపదలచింది ఒకటి, చూసేవాడి కన్ను పడింది ఇంకొకటి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, ముందు పనిపడుతుంది. ఆ పాప ఆంద్రే 1918 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో, ఇరవై నాలుగేళ్ళకే పోయింది. సినిమాలో మాత్రం చేతిలోని బిస్కెట్టును ఎదుటివారికి ఇవ్వబోతున్నట్లు ఇంకా చాపుతూనే ఉంటుంది.

1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ వారి బొమ్మలు ఆడాయి. కానీ కెమెరా గృహస్థుల చేతికి రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. కారణం ఖర్చు ఒక్కటే కాదు, ప్రమాదం కూడాను. హాళ్ళలో వాడిన నైట్రేట్ ఫిల్ము భగ్గున అంటుకునే రకం. దాన్ని పిల్లలున్న ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? తేలికగా అంటుకోని అసిటేట్ ఫిల్ము వచ్చాక, 1922లో ఫ్రాన్సులో పాథే కంపెనీ 9.5 మిల్లీమీటర్ల వెడల్పు ఫిల్ముతో 'పాథే బేబీ' అనే ఇంటి ప్రొజెక్టరును, వెంటనే కెమెరానూ విడుదల చేసింది. 1923లో అమెరికాలో కొడాక్ వారు 16 మిల్లీమీటర్ల కెమెరా తెచ్చారు. అది ధనవంతులకే. 1932లో, అక్కడ ఆర్థికమాంద్యం రోజుల్లో, ఖర్చు తగ్గించాలని 8 మిల్లీమీటర్ల పద్ధతి పెట్టారు. 1935లో కొడాక్రోమ్ అనే రంగుల ఫిల్ము 16 మిల్లీమీటర్లలో వచ్చింది, మరుసటి ఏడాది 8లోనూ వచ్చింది. మా ఇంజనీరు గారిది ఈ 8 మిల్లీమీటర్ల కొడాక్రోమ్.

దాని పనితీరు గుమాస్తా బుర్రకు బాగా నచ్చింది. రీలు 25 అడుగులు. వెడల్పు 16 మిల్లీమీటర్లే, కానీ ఒకసారి సగం మీదనే బొమ్మ పడుతుంది. అయిపోయాక రీలును నీడపట్టున విప్పి, తిరగేసి పెట్టి, రెండో సగం మీద తీయాలి. కడిగేచోట దాన్ని నిలువునా చీల్చి రెండు ముక్కలూ అతికిస్తే 50 అడుగులు. మనం పాత కవర్లు తిప్పి అంటించి మళ్ళీ వాడినట్లే! మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. బ్యాటరీ లేదు. గడియారానికి ఇచ్చినట్లు కీ ఇస్తే సుమారు అరనిమిషం తిరిగి ఆగిపోతుంది.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, నెలల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్న నాలుగు నిమిషాల రీలు చేతిలో ఉన్న తండ్రి ఏమి తీస్తాడు? పిల్లవాడు చెవిపోటుతో ఏడుస్తుంటే తీయడు. ఎక్కాలు రాక దెబ్బలు తింటుంటే తీయడు. తల్లి పొయ్యి ఊదుతుంటే తీయడు. కేకు, కొత్తబట్టలు, మూడు చక్రాల సైకిలు, సముద్రపు ఒడ్డు, ఇవే తీస్తాడు. ప్రపంచంలో ఏ దేశపు ఇంటి సినిమా చూసినా పిల్లలు నవ్వుతూనే ఉంటారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇంటి సినిమా అనేది కుటుంబం సంతకం పెట్టి పంపిన ఫెయిర్ కాపీ. కొట్టివేతలున్న డ్రాఫ్టు ఫైలులో దొరకదు.

దీనికి ఒక గట్టి ఉదాహరణ చదివాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని, అందులో అధికులు అమెరికా పౌరులే, ఇళ్ళు విడిపించి ముళ్ళకంచెల శిబిరాలలో పెట్టింది. యూటా రాష్ట్రంలోని టోపాజ్ శిబిరంలో డేవ్ తత్సునో అనే ఆయన నిషేధం ఉన్నా రహస్యంగా కెమెరా తెప్పించుకుని 8 మిల్లీమీటర్లలో తీశాడు. చెరలో తీసిన ఆ సినిమాలో కూడా పిల్లలు మంచులో ఆడుకుంటుంటారు. కంచె సంగతి తెలియనివారు చూస్తే విహారయాత్ర అనుకోవచ్చు. 1996లో దానిని అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చేర్చారు. అంతకు రెండేళ్ళ ముందు చేర్చిన ఇంకో ఇంటి కెమెరా చిత్రం మీరందరూ విన్నదే, 1963లో కెన్నెడీ హత్యకు సాక్ష్యమైన ఇరవై ఆరు సెకన్ల జప్రూడర్ ఫిల్ము.

మన దేశానికి సంబంధించినవి కూడా ఉన్నాయి. బ్రిటిషు పాలనలో ఇక్కడ ఉద్యోగాలు చేసిన దొరల కుటుంబాలు తీసుకున్న ఇంటి సినిమాలను ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రం సేకరించి భద్రపరిచింది. కంప్యూటరులో కొన్ని చూశాను. తెల్ల పిల్లలు బంగళా పచ్చికలో పరుగెత్తుతుంటారు. వాళ్ళ వెనకే తెల్ల చీర కట్టిన ఆయా, కొంత దూరంలో తోటమాలి, వరండా స్తంభం పక్కన బంట్రోతు. కెమెరా పిల్లలను అనుసరిస్తుంది కాబట్టి వీళ్ళు బొమ్మ అంచుల్లోకి వస్తారు, పోతారు. తీసిన దొరగారికి వాళ్ళు కావాలని కాదు, ఉన్నారు కాబట్టి పడ్డారు. ఇందాక చెప్పిన చెట్ల ఆకుల్లాగ. ఆ ఆయా మనవలు ఎక్కడో ఉండే ఉంటారు. తమ నాయనమ్మ నడిచే బొమ్మ ఒకటి ఇంగ్లండులో ఉన్నదని వాళ్ళకు తెలియనే తెలియదు. నాకు మాత్రం మా ఇంటివాళ్ళ బొమ్మ అలాంటి అంచుల్లోనే దొరికింది.

ఇక మా రీలు.

మొదటి ఇరవై సెకన్లు డ్యాము. సాగర్ ఆనకట్ట రాతి కట్టడం, యంత్రాల కన్నా మనుషుల నెత్తుల మీదుగా లేచింది. పరంజాల మీద ఆడా మగా రాళ్ళు, గమేళాలు మోస్తూ చీమలబారులా ఎక్కుతుంటారు. ఆ కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు నీళ్ళు వదిలారు. ఈ రీలు నాటికి గోడ ఇంకా మొండిగోడే. తరువాత ఒక్కసారిగా బంగళా వరండా, రంగు కాగితాల తోరణాలు, బల్ల మీద కేకు, చుట్టూ ఆఫీసర్ల పిల్లలు. కొడాక్రోమ్ రంగులు చీకట్లో భద్రంగా ఉంటే వెలవవని అంటారు. నిజమే, నిన్న తీసినట్లున్నది.

ఆ పుట్టినరోజు నాకు బాగా గుర్తు. ఎన్నో ఏళ్ళుగా నా పిల్లలకూ, మనవలకూ చెబుతూ వచ్చాను. నీలం రంగు కొత్తచొక్కా తొడుక్కుని, అందరితోపాటు వరండాలో వరుసలో కూర్చుని, జీవితంలో మొదటిసారి కేకు తిన్నానని. రీలులో వరుస ఉన్నది. అందులో నేను లేను. రెండుసార్లు వెనక్కి తిప్పించి చూశాను. కెమెరా ఎడమ వైపుకు తిరిగినప్పుడు వరండా కటకటాలకు ఇవతల, మెట్ల కింద, చువ్వలు పట్టుకుని నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్లవాడిని నేను. చొక్కా నీలమే గాని కొత్తది కాదు, బొత్తాలు రెండే ఉన్నాయి. కేకు వైపు చూస్తున్నాను.

అబద్ధం చెప్పానా అంటే, లేదు. నేను నమ్మిందే చెప్పాను. తొమ్మిదేళ్ళవాడు ఆ పూట చూపులతో తిన్నది, పెద్దవాడవుతూ నిజంగా తిన్నదిగా ఎప్పుడు మార్చుకున్నాడో వాడికే తెలియదు. మా ఆవిడ మాత్రం, "ఇన్నేళ్ళూ ఆ కేకు కథతో మా ప్రాణం తీశారు" అని నవ్వింది.

తరువాత మా అమ్మ. పండుగలకూ, వేడుకలకూ బంగళాలో పిండివంటలకు సాయం వెళ్ళేది. వంటింటి గుమ్మంలో బిగుసుకుని నిలబడి ఉంది. అప్పటికి మా వాళ్ళకు తెలిసింది ఫోటో ఒక్కటే. మాచర్ల తిరునాళ్ళలో నల్లగుడ్డ కప్పుకున్న ఫోటోగ్రాఫరు "కదలకండి" అనేవాడు. అందుకని ఈ కెమెరాకు కూడా కదలకుండా నిలబడింది. పక్కన ఇంజనీరు గారి శ్రీమతి చెయ్యి ఊపుతూ, కదలమని చెబుతున్నట్లున్నారు. అప్పుడు అమ్మ పమిట సర్దుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆమె ముసలితనమే నాకు గుర్తుండిపోయింది; 2003లో పోయింది. నాకన్నా యాభై ఏళ్ళు చిన్నదైన అమ్మ నన్ను చూసి సిగ్గుపడుతున్నట్లు అనిపించింది. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్లు ఇస్తుంటాము కదా, పోయినవారి లైఫ్ సర్టిఫికెట్ చూడడం అదే మొదలు.

ఇప్పుడు వ్రాయబోయేది వ్రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

నాకొక చెల్లెలు ఉండేది. నాకన్నా ఆరేళ్ళు చిన్నది. 1960 వానాకాలంలో జ్వరం తగిలి, అయిదు రోజులకు తెల్లవారుజామున పోయింది. ఆ రోజు కూడా నాన్నగారు గొలుసు భుజాన వేసుకుని పనిలోకి వెళ్ళారు. ఎవరూ పంపలేదు, తానే వెళ్ళారు. మధ్యాహ్నం వచ్చి, చేయవలసినవి చేసి, మరునాడు మళ్ళీ మామూలుగా వెళ్ళారు. ఆయన కంట నీరు నేను చూడలేదు. ఆ పిల్లను ఆయన ఎత్తుకోవడం కూడా నాకు గుర్తులేదు. ఇంట్లో ఆయన ఉంటే మేము గట్టిగా మాట్లాడేవాళ్ళం కాము. ఆడపిల్ల కాబట్టి ఆయనకు లెక్కలేదని పదేళ్ళవాడిగా తీర్మానించుకున్నాను. పెద్దవాణ్ణయ్యాక కూడా ఆ తీర్మానాన్ని ఎవరి ముందూ పెట్టలేదు, రద్దూ చేయలేదు. ఉద్యోగం వచ్చాక నెలనెలా డబ్బు పంపాను, ఒంట్లో బాగాలేనప్పుడు చూపించాను. మాట మాత్రం అవసరానికి మించి మాట్లాడలేదు. "మీ నాయనకు ఆ పిల్లంటే పానం రా" అని అమ్మ ఎన్నోసార్లు అనేది. ఆడవాళ్ళు మొగుణ్ణి వెనకేసుకు రావడం మామూలే అనుకునేవాణ్ణి. నాన్నగారు 1991లో పోయారు.

రీలులో రెండు నిమిషాల యాభై సెకన్ల దగ్గర, పుట్టినరోజు అబ్బాయి మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ ఆవరణలోకి వస్తాడు. కెమెరా అతని వెంట తిరుగుతుంది. వెనకాల వేపచెట్టు. దాని కింద ఖాకీ నిక్కరు తొడుక్కున్న మనిషి ఒకరు, భుజాల మీద ఎర్రగౌను పిల్ల. ఆ గౌను బంగళా వారి పాత కర్టెను గుడ్డతో అమ్మ చేత్తో కుట్టింది. ఆ పిల్ల రెండు చేతులతో ఆయన జుట్టు పట్టుకుని ఉన్నది. ఆయన తల అటూ ఇటూ ఊపుతున్నారు, గంగిరెద్దులాగా. పిల్ల విరగబడి నవ్వుతున్నది. ఆయనా నవ్వుతున్నారు. నాన్నగారి పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడనే లేదు ఎన్నడూ.

ఇదంతా నాలుగు సెకన్లు. అంతలో ఆయన కెమెరా తన వైపు తిరిగి ఉండడం చూశారు. కెమెరా వెనక ఉన్నది తన ఇంజనీరు గారు. గభాలున పిల్లను కిందికి దించి, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకున్నారు. ముఖంలో నవ్వు లేదు, నేనెరిగిన ముఖం వచ్చేసింది. పిల్లకు ఇదేమీ తెలియదు. మళ్ళీ ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపి ఆయన మోకాలి దగ్గర ఎగురుతున్నది. అక్కడ కీ అయిపోయినట్లుంది, బొమ్మ తెగిపోయి తరువాత సైకిలు ఒక్కటే వస్తుంది.

ఆ చేతులు కట్టుకోవడం నాకు కొత్త కాదు. నేనూ ముప్పై ఎనిమిదేళ్ళు కట్టుకున్నాను. ఆఫీసరు గది తలుపు తెరుచుకోగానే ముఖం మార్చుకోవడం, ఆ ముఖాన్నే మరచిపోయి ఇంటికి తీసుకువెళ్ళడం మనలో ఎవరికి తెలియదు? నా కొడుకు నా గురించి ఏమి తీర్మానించుకున్నాడో ఇంతవరకూ అడగలేదు. ఆ రాత్రి వాడికి ఫోను చేసి చాలాసేపు మాట్లాడాను, ఆ సంగతి తప్ప.

నాన్నగారి గొంతు కూడా ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. ఇది వీడియో కాలపు ముచ్చట. జపానులో జేవీసీ వారు 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్టును, సోనీ వారు 1985లో హ్యాండీక్యామ్‌ను తెచ్చారు. మనకు 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చి, వెనకే వీసీఆర్లు వచ్చాయి. పెళ్ళిళ్ళలో భుజాన కెమెరా, వెనక లైటు పట్టుకునే కుర్రవాడు, ఆ వెలుగుకు కళ్ళు చికిలించే చుట్టాలు మీకు గుర్తుండే ఉంటుంది. 1989లో మా అమ్మాయికి ఓణీల వేడుక చేసినప్పుడు నేనూ వీడియో తీయించాను. నాలుగు నిమిషాల పొదుపు పోయి మూడు గంటల క్యాసెట్టు వచ్చింది. దానితోపాటు ఇంటి సినిమాకు మాట వచ్చింది. వంటవాళ్ళ కేకలు, పిల్లల ఏడుపులు, ఎవరో పప్పులో ఉప్పు లేదనడం, అన్నీ పడ్డాయి. వీడియో ఆయన మా నాన్నగారి ముందుకు వెళ్ళి, "తాతగారూ, మనవరాలికి రెండు మాటలు చెప్పండి" అన్నాడు. ఆయన దగ్గి ఏదో అన్నారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఏమన్నారో నాకు గుర్తులేదు. క్యాసెట్టులో ఉన్నది కదా అన్న ధీమా.

2016లో వీసీఆర్లు చేసే చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, తయారీ ఆపేసింది. ఆ వార్త చదివి కూడా రెండేళ్ళు బద్ధకించి, 2018లో క్యాసెట్టు బీరువాలోంచి తీశాను. లోపల టేపు అంచుల వెంబడి తెల్లగా బూజు. ఒక దుకాణంలో ఇస్తే, మిషనులో పెట్టగానే టేపు చిక్కుపడి తెగింది. అతను తన శక్తికొద్దీ అతికించి చూశాడు. బొమ్మ స్థానంలో గీతలు, మాట స్థానంలో బుసబుస. అతన్ని అనడానికి లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు దానిని కలరా ఉండల పక్కన పడుకోబెట్టి ఉంచింది నేను. 1959 నాటి మూగ రీలు చెక్కుచెదరలేదు, 1989 నాటి మాట్లాడే టేపు మట్టికొట్టుకుపోయింది.

అందుచేత సభ్యులకు మనవి. మీ బీరువాలలో పెళ్ళి క్యాసెట్లు ఉంటే ఈ వారమే తీసి చూడండి. బూజు కనిపిస్తే మిషనులో పెట్టకండి, శుభ్రం చేయడం తెలిసినవారి దగ్గరకే తీసుకువెళ్ళండి. కంప్యూటరులోకి ఎక్కించిన తరువాత ఒకటి మీ దగ్గర, ఒకటి పిల్లల దగ్గర ఉంచండి. అసలును పారవేయకండి. అమెరికాలో చిత్ర భాండాగారాల వారు ఏటా 'ఇంటి సినిమాల రోజు' జరిపి, జనం తెచ్చిన పాత రీళ్ళను పరీక్షించి ఆడించి చూపుతూ, ఈ అసలు సంగతినే నొక్కి చెబుతున్నారట. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరెవరో పేర్లు వ్రాసి పెట్టండి. మన తరువాత అడిగినా చెప్పేవాళ్ళుండరు.

ఈనాటి పిల్లల సంగతి ఎక్కువ చెప్పను. మా చిన్న మనవడికి పదేళ్ళు. వాడు పుట్టిన గంట నుంచి తీసిన వీడియోలు మా కోడలి ఫోనులో వేలున్నాయి. వాడు తీసిన వెంటనే చూసుకుని, "తాతయ్యా, ఇది బాగాలేదు, తీసెయ్" అంటాడు. ఫెయిర్ కాపీ ఇప్పుడు పిల్లలే వ్రాసుకుంటున్నారు. వాడి వెనకాల ఏ వేపచెట్టు కింద ఎవరున్నారో చూడకుండానే తీసేస్తున్నాడేమోనని నా బెంగ.

నేను గుర్తుపట్టానని తెలిసి ఇంజనీరు గారి అబ్బాయి అమెరికా నుంచి ఫోను చేశారు. చిన్నప్పుడు మేము ఆయనను "చినబాబు గారూ" అనేవాళ్ళం. ఆయన నన్ను "అన్నయ్యా" అన్నారు. కటకటాల బయట నిలబడ్డది నేనేనని చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. "మా వాళ్ళు మిమ్మల్ని లోపలికి ఎందుకు పిలవలేదో" అన్నారు. "ఆ రోజులు అవి బాబూ. సాయంత్రం మీ అమ్మగారు లడ్డూలు పొట్లం కట్టి ఇచ్చారట, మా అమ్మ చెప్పేది" అన్నాను. నిజానికి ఆయన తండ్రిగారు ఆ కెమెరా తెచ్చి ఉండకపోతే మా చెల్లెలి ముఖం నాకు మిగిలేది కాదు. ఆమెకు ఫోటో లేదు.

రీళ్ళను అక్కడ ఒక భాండాగారానికి ఇస్తున్నామనీ, ప్రతి బొమ్మలో ఎవరెవరున్నారో పేర్లు కావాలనీ ఆయన అడిగారు. తెల్లకాగితం తీసి, అలవాటు ప్రకారం మార్జిను గీసి, క్రమసంఖ్య వేసి వ్రాయడం మొదలుపెట్టాను. నాన్నగారి పేరు, హోదా చైన్‌మన్. అమ్మ పేరు. నా పేరు. నాలుగో నంబరు దగ్గర ఆగిపోయాను. ఇంట్లో అందరం ఆమెను చిట్టి అనేవాళ్ళం. పెట్టిన పేరు వేరే ఉన్నది, మా నాయనమ్మ పేరు. పుట్టినప్పుడు ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదు, పోయినప్పుడూ ఎక్కించలేదు. బడి రిజిస్టరులో ఎక్కే వయసు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని వేల పేర్లు వ్రాశానో, ఆ పేరు కాగితం మీద వ్రాయడం అదే మొదటిసారి. రెండు పేర్లూ వ్రాసి, వయస్సు గడిలో మూడు సంవత్సరాలు అని వేసి, పంపించాను.